డెల్మర్ స్టిడమ్ ఇంటి చదువు

మా కాలేజీ గుమ్మం మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉంటుంది: "ఇక్కడ అందరికీ చోటుంది." ఆ మాట రాయించినవాళ్లే నన్ను లోపల కౌంటరు దగ్గర కూర్చోబెట్టి, ఆ అందరూ ఎవరో తేల్చమన్నారు. పంతొమ్మిదేళ్లుగా తేలుస్తున్నాను. అడ్మిషన్ల కౌంటరు, రెండో కుర్చీ, నా పేరు వానెట్టా. మొదటి కుర్చీ ఖాళీ. దాంట్లోకి మనిషిని వేస్తామని తొమ్మిదేళ్లుగా అంటున్నారు.

చదువుకోవడానికి వచ్చేవాళ్లు ఎనిమిది రకాలు. ఇది దేవుడు చేసిన విభజన కాదు, మా ఆఫీసు చేసింది. హైస్కూలు పూర్తిచేసి నేరుగా వచ్చేవాళ్లది తెల్ల కాగితం. ఇంకో కాలేజీ వదిలేసి వచ్చేవాళ్లది పసుపు. మా కాలేజీనే వదిలేసి, బుద్ధి తెచ్చుకుని మళ్లీ వచ్చేవాళ్లది ఆకుపచ్చ. హైస్కూల్లో ఉండగానే ఇక్కడ ఒక క్లాసు వినే తొందరపాటువాళ్లు, ఇంకో కాలేజీ నుంచి ఒక్క సెమిస్టరుకి చుట్టపుచూపుగా వచ్చేవాళ్లు, పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్లు, అరవై ఐదు దాటాక బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు, వీళ్లందరికీ తలా ఒక రంగు. ఇంట్లోనే తల్లిదండ్రుల దగ్గర చదువుకున్న పిల్లలది నీలం. మనిషి ఏ రంగో తెలిస్తే పని అయిదు నిమిషాలు. తెలియకపోతే ఆ మనిషి అసలు లేనట్టే లెక్క.

డెల్మర్ స్టిడమ్ లేడని మాకు తెలియడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది.

ఆయన మా కాలేజీ బాయిలరు మనిషి. బొగ్గు గనుల జిల్లాలో పుట్టి గనిలోకి దిగకుండా బతికిన కొద్దిమందిలో ఒకడు. మెయిన్ బిల్డింగు కింద, మెట్లు దిగి వెళ్లే గదిలో, చలికాలం బిల్డింగంతా వెచ్చగా ఉంచే 1961 నాటి బాయిలరు ఒకటుంది. దాన్ని డెల్మర్ "ముసల్ది" అంటాడు. అది ఏ పూట ఎలా మూలుగుతుందో, ఏ వాల్వు ఎంత తిప్పితే ఊరుకుంటుందో ఆయనకే తెలుసు. జనవరిలో పైన క్లాసుల్లో పిల్లలు కోట్లు విప్పి కూర్చుంటున్నారంటే ఆయన ఉదయం అయిదింటికే వచ్చి ముసల్దాన్ని లేపాడన్నమాట. మధ్యాహ్నం ఆ గదిలోనే స్టూలు వేసుకుని, వాళ్లమ్మ డబ్బాలో పెట్టిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే తింటాడు. రొట్టె ముక్క ఒకటి నాకు పంపని రోజు లేదు. మనిషి మాట తక్కువ. ఏదైనా అడిగితే ముందు చేతులు తుడుచుకుని, తర్వాత జవాబు చెప్తాడు.

మా కాలేజీలో బాయిలర్ల గురించి ఒక సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. ప్రతి అక్టోబరులోనూ ఆ కోర్సు మాస్టారు పిల్లల్ని వెంటేసుకుని ఆ మెట్లు దిగుతాడు. డెల్మర్ వాల్వులు విప్పి చూపిస్తాడు, మంట ఎలా సర్దాలో చెప్తాడు, పిల్లలు రాసుకుంటారు. మాస్టారూ రాసుకుంటాడు. తర్వాత పరీక్షలో అవే ప్రశ్నలు వస్తాయి.

ఇలా ఉండగా, 2019 జూన్‌లో ఇన్సూరెన్సువాళ్లు ఒక ఉత్తరం రాశారు. బాయిలరు మీద చెయ్యి వేసే మనిషికి సర్టిఫికెట్ ఉండాలి, లేదా కనీసం ఆ కోర్సులో పేరైనా నమోదై ఉండాలి. గడువు ఆగస్టు పదహారు, శుక్రవారం. లేకపోతే సోమవారం నుంచి బయటి కంపెనీ మనిషి వస్తాడు, డెల్మర్ ఇంటికి వెళ్తాడు. ఇరవై ఆరేళ్ల సేవకు కృతజ్ఞతలు చెప్పే పేరా కూడా మావాళ్లు ముందే టైపు చేసి పెట్టుకున్నారు. నేను చూశాను. అందులో ఆయన పేరు తప్పుగా రాశారు.

డెల్మర్ టోపీ చేత్తో పట్టుకుని నా కౌంటరు ముందుకు వచ్చాడు. అంతకుముందు ఎప్పుడు వచ్చినా నా కుర్చీ వెనక గదిని వెచ్చబరిచే రేడియేటరు బాగుచేయడానికి కౌంటరుకి ఇవతలే వచ్చేవాడు. అవతల నిలబడేసరికి ఎవరో కొత్త మనిషిలా అనిపించాడు.

"నన్ను చేర్చుకోవాలి వానెట్టా," అన్నాడు.

"ఓస్, అదెంతలే! హైస్కూలు డిప్లొమా తెచ్చావా?"

"లేదు."

"ఇంట్లో ఉందా?"

"ఎక్కడా లేదు. పదో తరగతిలో మానేశాను. నాన్న మీద గని కప్పు కూలింది కదా, ఆ ఏడు."

తెల్ల కాగితం పక్కన పెట్టేశాను. వేరే కాలేజీ మొహం చూడలేదు కాబట్టి పసుపు లేదు. ఆకుపచ్చ ఇద్దామంటే, "తిరిగి రావడానికి నేను వెళ్లిందెప్పుడు?" అన్నాడు. అదీ నిజమే.

"నీకు అరవై ఐదు ఎప్పుడొస్తాయి?"

"ఇంకో ఎనిమిదేళ్లకి."

"త్వరగా రావేం?"

"నీ పక్కన కూర్చుంటే వస్తాయేమో."

నవ్వాం గానీ రంగు తేలలేదు. చదువు మధ్యలో మానేసినవాళ్ల కోసం, హైస్కూలు డిప్లొమాతో సమానమని లెక్కేసే పరీక్ష ఒకటుంది. ఫోన్ చేస్తే, దగ్గర్లో ఉన్న కేంద్రంలో మొట్టమొదటి ఖాళీ అక్టోబరు ఎనిమిదిన ఉందన్నారు. గడువు ఆగస్టని చెప్తే, అయితే ముందే ఫోన్ చేయాల్సిందన్నారు.

చేసేది లేక ఆయన్ని మా డైరెక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కెండ్రిక్ ఫెల్ట్స్ లెక్సింగ్టన్ నగరం నుంచి రెండేళ్ల కిందట వచ్చాడు. డాక్టరేటు ఉంది. పుస్తకాల్లో చదివిందంతా మనుషులకి అప్పజెప్పాలని తాపత్రయం. మా ఊళ్లో డెల్మర్‌ని "మిస్టర్ స్టిడమ్" అని పిలిచే మనిషి ఆయనొక్కడే. విషయమంతా విన్నాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"మిస్టర్ స్టిడమ్, మీ ప్రయాణం వింటుంటే నాకు మాటలు రావడం లేదు. మీలాంటివాళ్ల కోసమే ఈ కాలేజీ ఉంది."

"అయితే చేర్చుకుంటారా?"

"తప్పకుండా! మీరు ఏ రకం?"

"అదే తెలియడం లేదు సారూ."

"అది తేలితే మాకు ఏ అభ్యంతరమూ లేదు," అన్నాడు ఫెల్ట్స్ చాలా ప్రేమగా. తలుపు దాకా వచ్చి సాగనంపాడు. ఆ వారమే, విద్యార్థులకు ఎదురయ్యే అడ్డంకులు తొలగించడానికి ఒక కమిటీ వేశాడు. కమిటీ మొదటి సమావేశంలో ఆ అడ్డంకులేమిటో రాసి ఇవ్వడానికి ఒక కొత్త ఫారం తయారైంది.

నాకు కోపం వస్తే సొరుగులు సర్దుతాను. ఆ రోజూ అదే చేస్తుంటే నీలం కాగితాల కట్ట చేతికొచ్చింది. వెనక్కి తిప్పి నిబంధనలు చదివాను. ఇంటి చదువు పిల్లలకి కావలసింది తల్లో తండ్రో సొంతంగా తయారుచేసిన మార్కుల పత్రం. నాలుగు సబ్జెక్టులు: ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సాంఘికం. చదువు మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ. కింద చదువు చెప్పినవారి సంతకం, అది నోటరీ ఎదుట. అంతే. పిల్లవాడి వయసు ఎంత ఉండాలో ఎక్కడా లేదు. రాసినవాళ్లకి ఆ అవసరం వస్తుందని తట్టలేదు. నోటరీ ముద్ర నా సొరుగులోనే ఉంది.

మెట్లు దిగి బాయిలరు గదికి పరిగెత్తాను. "మీ అమ్మ పెన్ను పట్టుకోగలదా?"

"ఎనభై రెండేళ్లు. తుపాకీ కూడా పట్టుకోగలదు," అన్నాడు డెల్మర్.

జూలై పదమూడు, శనివారం, ఇద్దరం కొండమీద డెల్మర్ వాళ్లింటికి వెళ్లాం. డెల్మర్ వాళ్లమ్మ, ఊరందరికీ ఆర్ఫా అత్త, వరండాలో కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయలకి నారలు తీస్తోంది. పక్కన మూడు బుట్టలు నిండా కాయలు. నేను నీలం కాగితం ఇచ్చి, ఎక్కడ ఏం రాయాలో వేలితో చూపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి చదివింది. తిప్పి, వెనక కూడా చదివింది.

"ఇందులో మార్కులు వెయ్యమంటున్నారు."

"ఏవో ఒకటి వేసెయ్ అత్తా," అన్నాను.

"దేనికి? వీడు ఏం చదివాడని?"

"ఎవరూ చూడరు అత్తా. ఊరికే ఫైల్లో పెట్టుకుంటారు."

"ఎవరూ చూడని కాగితానికి సంతకం ఎందుకు, దాని పక్కన నీ ముద్ర ఎందుకు?"

పంతొమ్మిదేళ్లలో మా ఆఫీసులో ఎవరూ అడగని ప్రశ్న ఇది. డెల్మర్ వరండా నేల వైపు చూస్తున్నాడు.

"అంటే ఇద్దరూ కలిసి నా చేత అబద్ధం రాయించడానికి ఇంత దూరం వచ్చారన్నమాట."

"అమ్మా, ఉద్యోగం పోతుందే."

"తెలుసురా, చెవుడు రాలేదు నాకు. ఇంకా ఎన్నాళ్లుంది?"

"అయిదు వారాలకి ఒక రోజు తక్కువ," అన్నాను.

ఆర్ఫా అత్త కాయ విరిచి పళ్లెంలో వేసింది. "సోమవారం నుంచి. పని నుంచి రాగానే చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చో. చదివితే మార్కులేస్తాను. చదవకపోతే సున్నా వేస్తాను. సంతకం రెండింటికీ పెడతాను."

నాకు సిగ్గేసింది. సులువు దారి కనిపెట్టానని పొంగిపోయానే గానీ, ఆ కాగితం మీద రాసిన మాటలకి అర్థం ఉంటుందని నాకు తోచనే లేదు.

అప్పట్నుంచి ప్రతి ఉదయం రొట్టె ముక్కతో పాటు డెల్మర్ తన కష్టాలు కూడా పంపేవాడు. కొండ కింద లైబ్రరీ నుంచి వాళ్లమ్మ పదో తరగతి పుస్తకాలు తెప్పించిందట. రాత్రి తను చదువుకుని, మర్నాడు సాయంత్రం కొడుక్కి చెప్పేదట. లెక్కల్లో వరండా కప్పుకి ఎన్ని పెంకులు పడతాయో లెక్కగట్టమంది. డెల్మర్ చూపుతోనే చెప్పేశాడు. "చూస్తే నాకూ తెలుస్తుంది, ఎలా వచ్చిందో రాయి," అందట. సాంఘికంలో మన జిల్లా గనుల సమ్మె ఎందుకు వచ్చిందని అడిగితే, తాత పేరు చెప్పాడట. "మీ తాత ఒక్కడే చేశాడా సమ్మె?" అందట.

సైన్సులో మాత్రం తనకి తిరుగులేదనుకున్నాడు. చిక్కుడుకాయలు సీసాల్లో పెట్టి ప్రెషర్ కుక్కర్లో ఉడికించే రోజులవి. ఆమె కుక్కరు ముందు నిలబెట్టి, "ఈ మూత ఎందుకు బిగిస్తాం?" అంది.

"ఆవిరి పోకుండా."

"పోకపోతే ఏమవుతుంది?"

"వేడెక్కుతుంది."

"నీళ్లు మరిగాక ఇంకా వేడి ఎందుకెక్కుతుంది?"

"ఎక్కుతుంది అంతే అమ్మా! ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను!"

"'అంతే' అనేది జవాబు కాదు. రేపు చెప్పు."

మర్నాడు మా కోర్సు మాస్టారుని అడిగాడు. మాస్టారు గొంతు సవరించుకుని, అది మూడో నెల పాఠంలో వస్తుందన్నాడు. చివరికి డెల్మర్ తనే పుస్తకం వెతికి, ఒత్తిడి పెరిగితే నీళ్లు మరిగే వేడి కూడా పెరుగుతుందని పట్టుకొచ్చాడు. ఇన్నేళ్లూ ముసల్ది చేసే పనేమిటో ఆ రోజు అర్థమైందని నాతో చెప్తూ, మెట్ల మీద అలాగే నిలబడిపోయాడు. ఆ మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ అయిదు వారాల్లో అడ్డంకుల కమిటీ నాలుగుసార్లు కలిసింది. శాండ్‌విచ్‌లు మా కౌంటరు మీదుగానే వెళ్లేవి.

అన్నీ బాగానే ఉన్నాయనుకుంటుండగా, గడువుకి సరిగ్గా వారం ముందు డెల్మర్ మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఇంగ్లీషులో తప్పాడు. ఆర్ఫా అత్త రెండు పేజీలు రాయమంటే అర పేజీ రాసి, అందులోనూ సగం దేవుడి దయ అని రాశాడట. ఆమె అడ్డంగా గీత కొట్టి, "ఇది పదో తరగతి రాత కాదు," అందట.

ఆ సాయంత్రమే కొండెక్కాను.

"అత్తా, సొంత కొడుకు."

"అవును. అందుకే."

"బాయిలరుకి ఇంగ్లీషెందుకు చెప్పు?"

"నీ కాగితం అడిగింది, నేను కాదు."

"ఫెయిలైతే?"

"ఫెయిలైతే ఫెయిలే." ఆమె చేతిలో కాయని నార తియ్యకుండానే పళ్లెంలో పడేసింది. ఆమెకి భయం లేదనుకున్నానే, అది నా పొరపాటు. కొడుకు ఉద్యోగం పోతే ఏమవుతుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. "వాణ్ణి వాడికి తెలిసింది రాయమను. నాకు నచ్చేది కాదు. వాడికి తెలిసింది."

డెల్మర్ మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. జనవరిలో ఉదయం అయిదింటికి బాయిలరు ఎలా వెలిగిస్తాడో రాశాడు. ముందు ఏం వింటాడో, గోడ మీద చెయ్యి ఎక్కడ పెడతాడో, పైన మొదటి అడుగుల చప్పుడు ఎప్పుడు వినిపిస్తుందో, అంతా రాశాడు. నాలుగు పేజీలు వచ్చింది. ఆమె పద్నాలుగు తప్పులు దిద్ది, 'సి' వేసింది.

"తల్లివయ్యుండి 'బి' వెయ్యలేకపోయావా?" అన్నాడట.

"పద్నాలుగు తప్పులకి 'సి' కూడా ఎక్కువే," అందట.

ఆగస్టు పద్నాలుగు, బుధవారం, ఆర్ఫా అత్త చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని మా కాలేజీ మెట్లెక్కింది. సంతకం నా ఎదుట పెట్టాలి కదా. ఇంటి చదువు కాగితాలు డైరెక్టరే స్వయంగా చూడాలని ఆ నెలలోనే కమిటీ కొత్త నియమం పెట్టింది కాబట్టి, అందరం ఫెల్ట్స్ గదిలో కూర్చున్నాం. ఆమె అక్షరాలు గుండ్రంగా, ఒత్తుగా ఉన్నాయి. లెక్కలు 'ఏ'. సాంఘికం 'ఏ'. సైన్సు 'బి'. ఇంగ్లీషు 'సి'.

ఫెల్ట్స్ కాగితం పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ పైకి వెళ్లాడు.

"మేడమ్, చిన్న పొరపాటు జరిగినట్టుంది. చదువు మొదలుపెట్టిన తేదీ దగ్గర 1978 నవంబరు అని రాశారు."

జూలై 2019 అని రాస్తుందనుకున్నాను. ఒక్క తేదీతో అయిదు వారాల కష్టం మట్టిలో కలిసిందే అనుకున్నాను.

"ఏదీ, ఇలా ఇవ్వు నాయనా." ఆర్ఫా అత్త కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "అవును, పొరపాటే. నవంబరులో వీళ్ల నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. వీణ్ణి బడి మాన్పించింది సెప్టెంబరులో." నవంబరు కొట్టేసి, సెప్టెంబరు అని రాసి, పక్కన పొట్టి సంతకం కూడా పెట్టింది.

"అంటే నలభై ఒక్కేళ్ల చదువా ఇది?" అన్నాడు ఫెల్ట్స్.

"మధ్యలో సెలవులు ఎక్కువయ్యాయి."

ఎవరికీ నవ్వు రాలేదు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అప్పటి హెడ్మాస్టరు మా గేటు దాకా వచ్చాడు బాబూ. పిల్లాడు తెలివైనవాడు, మాన్పించకమ్మా అన్నాడు. ఆసుపత్రిలో మొగుడు, ఇంట్లో ఇంకా చిన్నవాళ్లు, ఏం చెయ్యను? మాన్పించడం లేదండీ, ఇంటి దగ్గర నేనే చదువు చెప్పుకుంటాను అన్నాను. ఆయన నమ్మాడు. పుస్తకంలో రాసుకుని, టోపీ తీసి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. చదువు మొదలైంది ఆ రోజే. కాగితం తేదీ అడిగింది, నేను రాశాను."

డెల్మర్ ఆమె వైపు తిరిగాడు. చేతులు శుభ్రంగానే ఉన్నా, ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నాడు.

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం అమ్మా?"

"చెప్తే పుస్తకం పట్టుకొచ్చి నా ముందు కూర్చునేవాడివిరా." ఆమె కొడుకు మొహం వైపు చూడలేకపోయింది. "నేను చదివింది ఎనిమిది. నీది పది. కూర్చుంటే నీకేం చెప్పేదాన్ని?"

ఫెల్ట్స్ కలం తీసి, ఆమోదం అన్న చోట సంతకం చేసి, కాగితం నా ముందుకి జరిపాడు. నేను ముద్ర వేశాను. కళ్లు మసకబారి, ముద్ర కొంచెం పక్కకి పడింది.

ఆర్ఫా అత్త లేచి, గౌను సర్దుకుని, కొడుకు చెయ్యి అందుకుంది.

"క్లాసు సోమవారం ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి అమ్మా."

"వెనక బెంచీలో కూర్చోకు," అంది.